శ్రీకాకుళం నుంచి ఏలూరు దాకా: ఈపీడీసీఎల్, మన ఇంటికొచ్చే కరెంటు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కరెంటు పోతే, బిల్లు ఎక్కువొస్తే అందరం తిట్టుకునేది పంపిణీ సంస్థనే. ఆ కరెంటు ఎక్కడ పుడుతుందో, ఎవరు ఎంతకు కొంటారో తెలిస్తే మనం అడిగే ప్రశ్నలు మారతాయి. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాశాను. ఇది సంస్థ విడుదల చేసిన పేజీ కాదు. ఒక వినియోగదారుడు తోటి వినియోగదారుల కోసం రాసింది.

ఈపీడీసీఎల్ కరెంటు తయారు చేస్తుందా?

చేయదు. కొని పంచుతుంది. విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే ఆంధ్రప్రదేశ్ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ చేతిలో ఉన్నవి 33 కేవీ (33 వేల వోల్టుల) లైన్లు, 33/11 కేవీ సబ్‌స్టేషన్లు, వీధుల్లోని ట్రాన్స్‌ఫార్మర్లు, మన ఇంటి మీటరు. అంతకుపైన ఉండే 400, 220, 132 కేవీ లైన్లు ట్రాన్స్‌కోవి. రాష్ట్ర ప్రభుత్వ ఉత్పత్తి కేంద్రాలు జెన్‌కోవి.

పెద్దవాళ్లు ఇప్పటికీ 'ఎలక్ట్రిసిటీ బోర్డు' అంటుంటారు. 1959లో ఏర్పడిన ఆ బోర్డే ఒకప్పుడు అన్నీ చేసేది. 1998 విద్యుత్ సంస్కరణల చట్టం తర్వాత, 1999 ఫిబ్రవరిలో దాన్ని జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడదీశారు. 2000లో పంపిణీ పనిని నాలుగు డిస్కంలకు (పంపిణీ సంస్థలకు) అప్పగించారు. విశాఖ, తిరుపతి, హైదరాబాద్, వరంగల్ వాటి కేంద్రాలు. 2014లో హైదరాబాద్, వరంగల్ డిస్కంలు తెలంగాణకు వెళ్లాయి. ఆ తర్వాత కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల కోసం విజయవాడ కేంద్రంగా మరో డిస్కం వచ్చింది. ఇన్ని మార్పుల్లోనూ తూర్పు డిస్కం పరిధి పెద్దగా కదల్లేదు. అయితే అనకాపల్లి, చీపురుపల్లి ప్రాంతాల్లో గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలు కూడా దశాబ్దాలుగా కరెంటు పంచుతూ వచ్చాయి.

మరి మా స్విచ్చులోకి వచ్చే కరెంటు ఏ ఊరిది?

ఫలానా ఊరిదని చెప్పలేం. కేంద్రాలన్నీ ఒకే గ్రిడ్‌లోకి కరెంటు పోస్తాయి, అందరం అందులోంచే తీసుకుంటాం. ఏ కేంద్రంతో ఒప్పందం ఉంది, ఎవరికి ఎంత డబ్బు కడుతున్నారు అన్నది మాత్రం లెక్కల్లో కచ్చితంగా ఉంటుంది. రాష్ట్రంలోని డిస్కంలన్నిటి తరఫునా ఏపీ పవర్ కోఆర్డినేషన్ కమిటీ కొనుగోళ్లు చూస్తుంది. ఏ గంటలో ఏ కేంద్రం ఎంత నడవాలో విజయవాడలోని రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్ చెబుతుంది.

ఆ లెక్కల్లో పెద్ద భాగం బొగ్గుదే. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం, కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ కేంద్రం, నెల్లూరు తీరాన 800 మెగావాట్ల యూనిట్లు మూడున్న కృష్ణపట్నం కేంద్రం జెన్‌కో కింద నడిచేవి. పరవాడ పక్కన సింహాద్రి ఎన్‌టీపీసీది. పాలవలసలో 1,040 మెగావాట్ల హిందుజా కేంద్రం ప్రైవేటుది. ఇవికాక రామగుండం, తాల్చేరు వంటి కేంద్ర ప్రభుత్వ ప్లాంట్లలో, కైగా, కల్పాక్కం అణు కేంద్రాల్లో రాష్ట్రానికి వాటాలున్నాయి. అనంతపురం, కర్నూలు వైపు నుంచి గాలి, సోలార్ కరెంటు వస్తుంది. సీలేరు, శ్రీశైలం కుడిగట్టు వంటివి జల విద్యుత్ కేంద్రాలు.

మాచ్‌ఖండ్, సీలేరు కరెంటు చవకంటారు. అదంతా మనకే ఎందుకు ఇవ్వరు?

ఈ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు చెప్పాలి. ఎగువన మాచ్‌ఖండ్, దిగువన సీలేరు అని పిలిచే ఈ నదే ఉత్తరాంధ్రలో కరెంటు కథకు మొదలు.

జలాపుట్ దగ్గర ఆపిన నీళ్లు డుడుమ జలపాతం పక్కన కొండల్లోంచి దిగి మాచ్‌ఖండ్ కేంద్రంలో టర్బైన్లు తిప్పుతాయి. 1955లో మొదలైన ఈ 120 మెగావాట్ల కేంద్రం ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు. అక్కడి నుంచి కిందికి వచ్చిన నీళ్లు బలిమెల జలాశయంలో చేరతాయి. వాటినీ రెండు రాష్ట్రాలూ పంచుకోవాలి. ఒడిశా తన వాటాను బలిమెల పవర్‌హౌస్‌కు మళ్లించుకుంటుంది. మన వాటా నదిలో కిందికి వచ్చి 240 మెగావాట్ల ఎగువ సీలేరును, 25 మెగావాట్ల డొంకరాయిని నడిపి, పవర్ కెనాల్ మీదుగా మోతుగూడెం దగ్గరి దిగువ సీలేరుకు చేరుతుంది. అక్కడ 115 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 460 మెగావాట్లు. అంటే ఒకే నీటితో నాలుగు చోట్ల కరెంటు తీస్తున్నాం. బొగ్గు ఖర్చు లేదు, పొగ లేదు. కట్టడాలకు పెట్టిన ఖర్చు చాలావరకు ఎప్పుడో తీరిపోయింది. అందుకే యూనిట్ కరెంటు చవక.

అయినా ఎంత కావాలంటే అంత తీయలేం. ఆ నీళ్లు అక్కడితో ఆగవు. సీలేరు శబరిలో, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. ఫిబ్రవరి, మార్చిల్లో గోదావరిలో సహజ ప్రవాహం పడిపోయినప్పుడు ధవళేశ్వరం కింద దాళ్వా (రబీ) వరికి దన్నుగా నిలిచేది సీలేరు నుంచి వదిలే నీరే. వానాకాలంలో కరెంటు కోసం నీళ్లన్నీ వాడేస్తే చివరి తడికి చేలు ఎండిపోతాయి. కాబట్టి జెన్‌కో, ఇరిగేషన్ వాళ్లు కూర్చుని నెలల ముందే లెక్క వేసుకోవాలి. కోనసీమలో ఎవరైనా 'సీలేరు నీళ్లు వదిలారా?' అని అడిగితే అందులో కరెంటు ప్రశ్న కూడా ఉన్నట్టే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ జలాశయాల కింద మునిగినవి ఎక్కువగా గిరిజనుల ఊళ్లు, పొలాలు. మైదానాలకు వెలుగు పంపిన ఆ కొండల్లో చాలా గూడేలకు ఆ వెలుగు చేరడానికి దశాబ్దాలు పట్టింది. చవక కరెంటు అనుకునేటప్పుడు వాళ్లు చెల్లించిన ధరను మర్చిపోకూడదు.

సింహాద్రి మన పక్కనే ఉంది. అయినా విశాఖలో కరెంటు ఎందుకు పోతుంది?

పక్కన ఉన్నంత మాత్రాన ఆ కరెంటంతా మనది కాదు. సింహాద్రి మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. 2002లో వచ్చిన మొదటి దశ 1,000 మెగావాట్లను పూర్తిగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కోసమే కట్టారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు విద్యుత్ ఒప్పందాలను అంతకుముందు వాడకం ఆధారంగా పంచారు. తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం. అలా పరవాడ పొగగొట్టాల కింద పుట్టిన మొదటి దశ కరెంటులో సగానికి పైగా తెలంగాణ ఖాతాలోకి వెళ్లింది. రెండో దశలో దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ వాటాలున్నాయి.

ఇక మీ వీధిలో కరెంటు పోవడానికి చాలాసార్లు ఉత్పత్తికి సంబంధమే ఉండదు. జంపరు (తీగలను కలిపే చిన్న ముక్క) తెగడం, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువై ఫ్యూజు పోవడం, చెట్టు కొమ్మ తీగల మీద పడి ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వీధులకు వచ్చే లైను) ట్రిప్ అవ్వడం వంటివే కారణాలు. ఉత్పత్తి చాలక పెట్టే కోత వేరు, లైను చెడి పోయే కరెంటు వేరు. ఫిర్యాదు చేసేటప్పుడు ఏది జరిగిందో అడిగి తెలుసుకోండి.

గోదావరి జిల్లాల్లో గ్యాస్ ఉంది కదా, గ్యాస్ ప్లాంట్లు ఎందుకు ఆగిపోయాయి?

కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ గ్యాస్ మీద ఆశతో వేమగిరి, జేగురుపాడు, కాకినాడ, సామర్లకోట ప్రాంతాల్లో వరుసగా ప్లాంట్లు కట్టారు. సముద్రంలోని డీ6 క్షేత్రంలో 2009లో ఉత్పత్తి మొదలైంది. కానీ అనుకున్న స్థాయిలో నిలబడలేదు. 2013 నాటికి విద్యుత్ కేంద్రాలకు అక్కడి గ్యాస్ దాదాపు ఆగిపోయింది. దిగుమతి చేసుకున్న గ్యాస్‌తో నడపవచ్చు, కానీ ఆ ధరకు తీసిన యూనిట్‌ను కొనడం డిస్కంలకు భారం. జేగురుపాడులోని మొదటి దశ ప్లాంటును 2016లో డిస్కంలే సొంతం చేసుకున్నాయి.

ఇది నిజంగా బాధ కలిగించే విషయం. గ్యాస్ కేంద్రం బొగ్గు కేంద్రం కంటే చాలా త్వరగా స్టార్టవుతుంది. సాయంత్రం పూట మనకు కావలసింది అలాంటి కేంద్రాలే.

సాయంత్రం పూట ప్రత్యేకత ఏమిటి?

మధ్యాహ్నం ఎండకు రాయలసీమ సోలార్ పార్కులు నిండుగా నడుస్తాయి. కర్నూలు పార్కు ఒక్కటే 1,000 మెగావాట్లది. ఆ వేళ గ్రిడ్‌లో కరెంటు పుష్కలం. ఆరు దాటాక సోలార్ సున్నాకు పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లల్లో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు, వంటింట్లో మిక్సీలు అన్నీ ఒక్కసారిగా ఆన్ అవుతాయి. ఆ రెండు మూడు గంటల ఖాళీని ఎవరో ఒకరు పూడ్చాలి.

బొగ్గు యూనిట్ చల్లారిపోతే మళ్లీ పూర్తి స్థాయికి రావడానికి చాలా గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం అవసరం లేకపోయినా దాన్ని ఆర్పేయరు, 55 శాతం దాకా తగ్గించి నడుపుతూనే ఉంటారు. సీలేరు టర్బైన్ అయితే నిమిషాల్లో అందుకుంటుంది. అందుకే జల విద్యుత్తును సాయంత్రానికి దాచుకుంటారు. అదీ చాలకపోతే పవర్ ఎక్స్ఛేంజీలో కొంటారు. అక్కడ రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఒక్కో భాగానికి విడిగా ధర తేలుస్తారు. మధ్యాహ్నం రెండు మూడు రూపాయలకు దొరికే యూనిట్, ఎండాకాలం సాయంత్రం గరిష్ఠ పరిమితి అయిన 10 రూపాయలకు చేరిన సందర్భాలున్నాయి.

పగటి సోలార్‌ను రాత్రికి దాచే దారి పంప్డ్ స్టోరేజీ. మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో నీటిని పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టు ఈ పద్ధతిలోదే. ఎగువ సీలేరు దగ్గర కూడా జెన్‌కో ఇలాంటిది తలపెట్టింది. నా దృష్టిలో మన డిస్కం బిల్లుల భవిష్యత్తు తేలేది ఇక్కడే. ఇంకో బొగ్గు ప్లాంటు కట్టడం కంటే సాయంత్రం ఖాళీని పూడ్చడం ముఖ్యం.

గాజువాక హెచ్‌వీడీసీ స్టేషన్ ఏం చేస్తుంది?

హెచ్‌వీడీసీ అంటే ఎక్కువ వోల్టేజీ డీసీ కరెంటు. ఈ స్టేషన్ రెండు గ్రిడ్ల మధ్య తలుపులాంటిది. ఒకప్పుడు దక్షిణాది గ్రిడ్, తూర్పు గ్రిడ్ వేర్వేరు ఫ్రీక్వెన్సీలతో నడిచేవి. నేరుగా తీగ కలిపితే రెండూ కుప్పకూలేవి. ఒడిశాలోని జయపూర్ నుంచి వచ్చే కరెంటును గాజువాకలో ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) నుంచి డీసీకి (ఒకే దిశలో పారే కరెంటుకు), మళ్లీ ఏసీకి మార్చి ఇటువైపు పంపేలా ఏర్పాటు చేశారు. మొదటి 500 మెగావాట్ల భాగం 1999లో, రెండోది 2005లో వచ్చాయి.

2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకటైంది. 31న తూర్పు, ఈశాన్య గ్రిడ్లూ కూలిపోయాయి. దక్షిణాదికి మాత్రం ఏమీ కాలేదు. అప్పటికి మనకు మిగతా దేశంతో ఉన్నది డీసీ లింకులే కావడం అందుకు ప్రధాన కారణం. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ కూడా జాతీయ గ్రిడ్‌లో కలిసింది. ఇప్పుడు దేశమంతా ఒకే 50 హెర్ట్జ్ లయలో నడుస్తోంది.

చిన్న చినుకు పడగానే కరెంటు ఎందుకు తీసేస్తారు?

చాలాసార్లు ఎవరూ తీయరు, అదే పోతుంది. తీరప్రాంతంలో ఉప్పుగాలి ఇన్సులేటర్ల మీద పొరలా పేరుకుంటుంది. గట్టి వాన పడితే అది కడుక్కుపోతుంది. సన్నని చినుకో మంచో పడితే ఆ ఉప్పు తడిసి కరెంటుకు దారి ఇస్తుంది. నిప్పురవ్వలు లేచి ఫీడర్ ట్రిప్ అవుతుంది. భీమిలి, కాకినాడ, నరసాపురం వైపు వాళ్లకు ఇది బాగా అనుభవం. ఎండాకాలం చివర్లో ఇన్సులేటర్లు శుభ్రం చేసి, పగిలినవి మార్చి, కొమ్మలు కొట్టించిన ఫీడర్‌లో ఈ బెడద బాగా తగ్గుతుంది. మీ ఊళ్లో ఆ పని జరిగిందా అని ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) మే నెలలోనే అడగండి.

పక్క వీధిలో ఉంది, మాకు లేదు. ఎందుకు?

మీ రెండు వీధులూ వేర్వేరు ట్రాన్స్‌ఫార్మర్ల మీదో వేర్వేరు 11 కేవీ ఫీడర్ల మీదో ఉండి ఉంటాయి. ఆసుపత్రి, మంచినీటి పంపులున్న ఫీడర్‌ను ముందు సరిచేస్తారు.

తుపాను వచ్చినప్పుడు ఏం జరుగుతుంది? మనం ఏం చేయాలి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడినప్పుడు స్తంభాలు, టవర్లు వరుసగా ఒరిగిపోయాయి. నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ ఉద్దానాన్ని అలాగే ఊడ్చేసింది. రెండుసార్లూ బయటి జిల్లాల నుంచి సిబ్బంది వచ్చి, బురదలో స్తంభాలు మోసి లైన్లు నిలబెట్టారు. హుద్‌హుద్ తర్వాతే ప్రపంచ బ్యాంకు సాయంతో విశాఖలో భూగర్భ కేబుళ్లు వేశారు. ఖర్చు ఎక్కువే. కానీ ఏటా తుపానులు తాకే తీరంలో ముఖ్యమైన ఫీడర్లకైనా అది అవసరమే.

మనం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. తెగిపడిన తీగ దగ్గరికి వెళ్లకండి, కరెంటు లేదనుకుని పక్కకు జరపకండి. ఇంట్లో జనరేటర్ వాడేటప్పుడు మెయిన్ తప్పకుండా ఆపండి. లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపేశామన్న అనుమతి) తీసుకుని, లైనులో కరెంటు లేదన్న నమ్మకంతో స్తంభం ఎక్కుతాడు. మీ జనరేటర్ కరెంటు వెనక్కి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కితే 11 వేల వోల్టులై అతని మీదికి వస్తుంది. లైన్ల మీద పనిచేసేవాళ్లు ఇలా ప్రాణాలు పోగొట్టుకున్నారు. జనరేటర్ కరెంటు, లైను కరెంటు కలవకుండా చూసే ఛేంజోవర్ స్విచ్ ఖరీదు పెద్దది కాదు, పెట్టించుకోండి.

200 యూనిట్లు వాడితే బిల్లు ఎంత వస్తుంది?

2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ శ్లాబుల ప్రకారం చూద్దాం. మొదటి 30 యూనిట్లకు రూ.1.90 చొప్పున 57 రూపాయలు. 31 నుంచి 75 వరకు రూ.3 చొప్పున 135. 76 నుంచి 125 వరకు రూ.4.50 చొప్పున 225. మిగతా 75 యూనిట్లకు రూ.6 చొప్పున 450. మొత్తం 867 రూపాయలు. దీనికి కిలోవాట్‌కు 10 రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం, కస్టమర్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు కలుస్తాయి. 225 దాటితే ఆ పైన యూనిట్లకు రూ.8.75, 400 దాటితే రూ.9.75.

ఒక్క యూనిట్ దాటగానే మొత్తం వాడకానికి పై రేటు పడుతుందని చాలామంది టెన్షన్ పడతారు. అలా జరగదు. దాటిన యూనిట్లకే పై రేటు.

ఈ సర్దుబాటు చార్జీలు ఏమిటి?

ఏడాది ధర ముందే నిర్ణయిస్తారు. ఆ తర్వాత బొగ్గు రేటు పెరిగినా, వానలు పడక సీలేరు, శ్రీశైలం తక్కువ నడిచినా, ఎక్స్ఛేంజీలో ఖరీదైన కరెంటు కొనాల్సి వచ్చినా అదనపు ఖర్చు పడుతుంది. దాన్నే తర్వాత మన దగ్గర వసూలు చేస్తారు. నెలనెలా యూనిట్‌కు 40 పైసల వరకు డిస్కం నేరుగా వేసుకునే వీలుంది. మిగతా లెక్క కరెంటు ధరలు నిర్ణయించే ఏపీ విద్యుత్ నియంత్రణ మండలి చూసి తేలుస్తుంది. డిస్కం ఖర్చులో అన్నిటికంటే పెద్దది విద్యుత్ కొనుగోలే, మిగతావన్నీ దాని తర్వాతే. కాబట్టి బిల్లు మీద కోపం ఉన్నవాళ్లు అడగాల్సింది లైన్‌మన్‌ను కాదు. ఏ కరెంటు, ఏ ధరకు, ఎందుకు కొన్నారని అడగాలి.

అలా అడిగే చోటు సామాన్యులకు ఉందా?

ఉంది, కానీ వాడుకునేవాళ్లు తక్కువ. డిస్కంలు ఏటా నవంబర్ చివరికి తమ ఆదాయ అవసరాల నివేదికను ఏపీ విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. ఏ కేంద్రం నుంచి ఎన్ని యూనిట్లు, ఏ ధరకు కొంటారో అందులో ఉంటుంది. దాని మీద ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు. బహిరంగ విచారణలో మాట్లాడవచ్చు. లాయర్ అక్కర్లేదు, తెలుగులోనే చెప్పవచ్చు. రైతు సంఘాలు, కొందరు రిటైర్డ్ ఉద్యోగులు ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నారు. ఆ విచారణల్లో ఇళ్ల వినియోగదారుల గొంతు ఇంకా పెరగాలి.

వ్యవసాయానికి తొమ్మిది గంటల ఉచిత కరెంటు పగలే ఎందుకు?

ఉచిత విద్యుత్ 2004లో మొదలైంది. ఖర్చును రాష్ట్ర ప్రభుత్వం సబ్సిడీగా డిస్కంలకు చెల్లించాలి. రాత్రిళ్లు మోటారు వేయడానికి వెళ్లి పాముకాటుకు, షాక్‌కు గురైన రైతులు ఎందరో. పగటి సరఫరాతో ఆ ప్రమాదం తగ్గింది. సోలార్ ఎక్కువగా ఉన్న వేళకు మోటార్ల లోడు జరగడం గ్రిడ్‌కూ మంచిదైంది.

ఆక్వా చెరువుల సంగతి వేరు. భీమవరం, ఉండి వైపు రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ అన్నిటికంటే పడిపోయేది తెల్లవారుజామున. ఆ వేళ నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే పంట మొత్తం పోతుంది. వాళ్లకు రాయితీ ధర కంటే రాత్రి నిలకడైన త్రీఫేజ్ ముఖ్యం.

మేడ మీద సోలార్ పెట్టించుకుంటే లాభమేనా?

నెలకు 225 యూనిట్లు దాటి వాడే ఇంటికి తప్పకుండా లాభం. ఒక కిలోవాట్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు అంతకుపైన 78 వేల రూపాయలు రాయితీ వస్తుంది. మిగిలిన యూనిట్లు నెట్ మీటరింగ్ ద్వారా గ్రిడ్‌కు వెళ్లి మీ లెక్కలో చేరతాయి.

బ్యాటరీ లేని మామూలు వ్యవస్థ కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. చాలామంది దాన్ని లోపం అనుకుంటారు. పైన జనరేటర్ గురించి చెప్పిన కారణంతోనే, స్తంభం మీద ఉన్న మనిషి కోసం అలా తయారుచేశారు.

ఫిర్యాదు ఎవరికి చేయాలి?

ముందు 1912కి ఫోన్ చేయండి. సర్వీసు నంబరు చెప్పి, ఫిర్యాదు నంబరు తప్పకుండా తీసుకోండి. స్థానిక ఆఫీసులో పని కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు తెల్లకాగితం మీద రాసి పంపవచ్చు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ప్రతి డిస్కంలోనూ అది ఉండాలి. అక్కడి తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. కొత్త కనెక్షన్ విషయంలో 2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం గడువు మెట్రో నగరాల్లో మూడు రోజులు, మున్సిపాలిటీల్లో ఏడు, గ్రామాల్లో పదిహేను. దరఖాస్తు ఇచ్చిన రోజు రసీదు మీద తేదీ వేయించుకోండి. గడువు లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.